లైను, దాని వెనకాల క్రియ



పరాయి దేశంలో తెలుగును నిలుపుకోవడం గురించి మాట్లాడమన్నారు నిర్వాహకులు. నేను ఒక ఇంగ్లీషు మాట పట్టుకొచ్చాను. మాది మక్తల్, సరిహద్దు ఊరు. అటు రాయచూరు కన్నడం, ఇటు పాలమూరు తెలుగు, మధ్యలో ఉర్దూ. ఇంకో భాష మాట చెవిన పడితే మాకు భయం లేదు.

ఆ మాట 'లైను'. లాటిన్‌లో అవిసె నార దారం దగ్గర పుట్టింది. మా మేస్త్రి రెండు మేకుల నడుమ దారం బిగించి "లైను సూడు, ఇటుక బయటికొచ్చింది" అంటాడు. పుట్టినప్పటి అర్థానికి ఇంత దగ్గరగా వాడేవాళ్లు ఇంగ్లండులోనూ తక్కువే ఉంటారు. బొంబాయి, పుణె మేడలకు వలస వెళ్లిన పాలమూరు కూలీలు ఆ దారం వెంబడే గోడలు లేపారు.

అయితే ఊరికే 'లైను' అంటే మా దగ్గర ఎవరికీ ఏమీ అర్థం కాదు. క్రియ వచ్చేదాకా ఆగాలి. లైను గుంజిండ్రు అంటే కరెంటు తీగ. లైను కలుస్తలేదంటే ఫోను. లైనుకొచ్చిండంటే మొండిఘటం దారికొచ్చాడని. లైనేస్తుండు అంటే... ఇక్కడి కుర్రాళ్లు నవ్వుతున్నారు, వదిలేద్దాం.

లైను పడ్డదంటే రైలు. ఇది మాకు ఏళ్ల తరబడి "పడ్తదంట"గానే ఉండిపోయింది. మహబూబ్‌నగర్–మునీరాబాద్ మార్గం 1997–98లో మంజూరైంది. అందులో జక్లేర్–కృష్ణ మధ్య 37 కిలోమీటర్లు 2023 అక్టోబర్ 1న జాతికి అంకితమయ్యాయి. ఆ రోజే కాచిగూడ–రాయచూరు రైలుకు పచ్చజెండా ఊపారు. ఒక్క క్రియ కాలం మారడానికి పాతికేళ్లు పట్టింది.

కొన్నిచోట్ల ఈ మాటతో ప్రాణమే ముడిపడి ఉంటుంది. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి 'ఎల్‌సీ' తీసుకోవాలి. విడదీస్తే లైన్ క్లియర్, అంటే ఆ తీగలో కరెంటు ఆపేశామన్న అనుమతి. బడి మొహం చూడని రైతు కూడా కింద నిలబడి "ఎల్సీ తీస్కున్నవా?" అని అడుగుతాడు. దానికి తెలుగు మాట పెడదామని ఎవరైనా అంటే, ముందు వాళ్లను స్తంభం ఎక్కించాలి.

'క్యూలైను' అంటే చదువుకున్నవాళ్లు నవ్వుతారు, ఒకే అర్థం రెండుసార్లు చెబుతున్నామని. నేను ఒప్పుకోను. తిరుమలలో జనం క్యూ, కటకటాల దారి లైను. అందుకే "క్యూలైను ఖాళీగా ఉంది" అనగలం. మనుషులు లేని క్యూ మామూలు ఇంగ్లీషులో అరుదు, మనకు మాత్రం ఉంది.

కాబట్టి పిల్లలు ఇంగ్లీషు నామవాచకాలు వాడితే కంగారు పడకండి. గుంజు, కలువు, పడు, కట్టు అన్నీ పోయి ప్రతిదానికీ 'చెయ్యి' ఒక్కటే మిగలడం నాకు గుబులు. వెయిట్ చెయ్యి, కాల్ చెయ్యి, ఈట్ చెయ్యి. మీ తెలుగు బడుల్లో ముందు క్రియలు నేర్పించండి.

మళ్లీ లైను దగ్గరికే వస్తే, అమెరికాలో మీరూ ఈ మాటకు ఒక అర్థం చేర్చారు: గ్రీన్‌కార్డు లైను. ఉద్యోగాల కోటాలో ఏ ఒక్క దేశానికైనా సుమారు 7 శాతమే పరిమితి. కొన్ని నెలల్లో వంతు తేదీలు ముందుకు జరగకపోగా వెనక్కే పోతాయి. తిరుమల కంపార్టుమెంట్లలో గంటలకొద్దీ కూర్చోబెడతారు గానీ, కొండ కింద అలిపిరి దాకా వెనక్కి నడిపించరు.