కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి

"మా అబ్బాయికి కోరుకున్న యూనివర్సిటీ రాలేదు. కమ్యూనిటీ కాలేజీలో చేర్పిస్తే నలుగురూ ఏమనుకుంటారో" అని చాలామంది అమ్మలు అడుగుతున్నారు. నలుగురి సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం. నేను చెప్పేది కాలిఫోర్నియా గురించే.

ఇక్కడ 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. స్టేట్ రెసిడెంట్లకి యూనిట్‌కి 46 డాలర్లు. ట్రాన్స్‌ఫర్‌కి కావలసిన 60 సెమిస్టర్ యూనిట్లకి 2,760 డాలర్లు. పుస్తకాలూ చిల్లర ఫీజులూ వేరేననుకోండి. చివరికి చేతికొచ్చే డిగ్రీ మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది.

అసలు చిక్కంతా కోర్సుల దగ్గరే. 60 యూనిట్లు నిండితే చాలదు. ఇంజనీరింగ్ అయితే ఆ మేజర్‌కి అడిగే మ్యాథ్స్, ఫిజిక్స్ ముందే అయిపోవాలి. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో కాలేజీ, యూనివర్సిటీ, మేజర్ కొట్టి చూడండి. మొదటి సెమిస్టర్‌కి ముందే చూడాలండీ! ఫిజిక్స్ ఒకదాని తర్వాత ఒకటిగా చదవాలి, మధ్యలో ఒకటి తప్పితే ఏడాది పోవచ్చు.

ఇక ట్యాగ్. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, వీటిలో ఒక్కదానికి సెప్టెంబర్‌లో పెట్టుకోవాలి. షరతులన్నీ నెరవేరిస్తే సీటు గ్యారంటీ. మామూలు అప్లికేషన్ కూడా విడిగా వేయాల్సిందే. బర్కిలీ, యూసీఎల్ఏ, శాన్ డియాగోలకి ట్యాగ్ లేదు. ఉన్నచోట కూడా కంప్యూటర్ సైన్స్‌ని కొన్ని క్యాంపస్‌లు పక్కన పెట్టేశాయి. మనవాళ్ళకి కావలసింది అదేనాయె! అందుకని ఫారం నింపేముందు ఆ ఏడాది ట్యాగ్ జాబితాలో మీ మేజర్ ఉందో లేదో చూసుకోండి.