మూలమట్టం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఐదు నిమిషాలే ఇచ్చారు. ఇంజనీరును కదా, సిమెంటు గురించి మొదలుపెడతానని భయపడకండి. ఈమధ్య చూసొచ్చిన ఒక భవనం గురించి చెబుతాను.

హైదరాబాద్‌లోని గోషామహల్ బారాదరి చివరి కుతుబ్‌షాహీ సుల్తాను తానీషా కాలం నాటి కట్టడం. 1872 నుంచి అందులో ఫ్రీమేసన్ల లాడ్జి నడుస్తోంది. లాడ్జి అంటే మనకు బస్టాండు దగ్గరి రూములే గుర్తొస్తాయి, ఇది వేరు. ఫ్రీమేసన్లది ఒక సోదర సంఘం. వాళ్ల మొదటి గ్రాండ్ లాడ్జి 1717లో లండన్‌లో ఏర్పడింది. తలుపులు మూసుకొని సమావేశమవుతారు గనక ఉత్తరాదిన వాళ్ల భవనాలను జాదూఘర్ అనేవారు. మంత్రాలేమీ లేవు. వివేకానందుడూ అందులో చేరినవాడే.

సభ్యుడైన నా పాత సహోద్యోగి ఒకాయన లోపలికి తీసుకెళ్లాడు. నేను డంగుసున్నం గోడల దగ్గరే ఆగిపోతుంటే, పిలిచి వాళ్ల పతకాలు చూపించాడు. లాడ్జి మాస్టర్ మెడలో వేసుకునేది మూలమట్టం. సీనియర్ వార్డెన్‌ది మట్టం. జూనియర్ వార్డెన్‌ది తూకం గుండు. అన్నీ మేస్త్రీల సామాన్లే! నవాబులు, దొరలు ముచ్చటపడి మెడలో వేసుకున్నారు.

నాకు మాట రాలేదు. మా నాయిన రాతిపని మేస్త్రి. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట దగ్గరికి మీసాలు రాని వయసులో పోయి, రాళ్లు మోసి, పని నేర్చుకున్నాడు.

పదో తరగతి పరీక్ష ఫారంలో 'తండ్రి వృత్తి' అన్నచోట నేను 'కాంట్రాక్టర్' అని రాశాను. లెక్కల సారు చూశారు, ఏమీ అనలేదు. సాయంత్రం ఆపి, "రేపు మీ నాయినను మూలమట్టం పట్టుకొని రమ్మను, పైథాగరస్ చెప్పాలె" అన్నారు.

నాయిన వచ్చాడు. నేల మీద ఒక పక్క మూడడుగులు, ఒక పక్క నాలుగడుగులు గుర్తు పెట్టి, తాడు లాగి, "ఇది ఐదొస్తే మూల సక్కగున్నట్టు" అన్నాడు. పోతూ పోతూ క్లాసు గోడకు మూలమట్టం ఆనించి, "సారూ, ఈ మూల అరఇంచు తప్పింది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను తల దించుకున్నాను.

నాయిన పోయి ఆరేళ్లయింది. బడిలో పాత వస్తువులకు ఒక గది పెడుతున్నారని, పాత గంట, హాజరు పట్టీలు అందులోకి వస్తాయని విన్నాను. ఇదిగో, ఆ మూలమట్టం తెచ్చాను. తుప్పు రుద్దలేదు. కింద చీటీ మీద మాత్రం 'రాతిపని మేస్త్రి' అని రాయండి. కాంట్రాక్టర్ అని రాయకండి.