చెవికి విశ్రాంతి



నేటి నా ప్రసంగము సంగీతమును గూర్చి కాదు. సంగీతము వినుటకు మనము ఆయత్తపడి కూర్చుందుము. గాయకుడును మన మెప్పు కోరియే పాడును. ఎవ్వరి మెప్పును కోరక ఇంటను వాకిటను నిత్యము వినవచ్చు చిన్న చిన్న చప్పుళ్ళు కలవు. పగలంతయు శ్రమించిన దేహమును, చింతలతో నలిగిన మనస్సును సేదదీర్చునవి తరచుగా ఇవియే. గోదావరి సీమ పల్లెలలో పుట్టి పెరిగినవారికి ఇవి క్రొత్తవి కావు. అయినను ఒక్కొక్కటియే మన చెవికి దూరమగుచున్నది గనుక, వానిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని తోచినది.

కన్నునకు రెప్ప కలదు, నోటికి పెదవులు కలవు. చెవికి మాత్రము మూత లేదు. శబ్దము ఆకాశముయొక్క గుణమని మన తార్కికులు చెప్పుదురు. గాలి మొదలగు పదార్థములయందలి కంపనమే శబ్దమని నేటి భౌతిక శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ చర్చ మనకిప్పుడు వలదు. ఎట్లు చెప్పినను, దానిని తప్పించుకొని పోగల చోటు దొరకుట కష్టమే. నిద్రించునప్పుడు సైతము చెవి పని మానదు. ప్రక్కవీథిలో మేళము మ్రోగినను కదలని తల్లి, ఉయ్యాలలోని శిశువు సన్నగా మూలిగినంతనే లేచి కూర్చుండుట మనమందరము చూచినదే. మనస్సనెడి యింటి వాకిట చెవి యను కావలివాడు రాత్రింబవళ్ళు నిలిచియుండునన్న మాట. “అంతయు క్షేమముగనే యున్నది, నీవు కొంచెము కూర్చుండుము” అని ఆ కావలివానికి చెప్పగల చప్పుడేదో, అదియే మనకు విశ్రాంతినిచ్చు చప్పుడు.

మొదట వానను గూర్చి చెప్పెదను. మన మండువా లోగిళ్ళను ఎరుగనివారు మీలో నుండరు. నడుమ ఆకాశమునకు తెరచిన చదరము. దాని నలుదిక్కుల లోపలికి వాలిన పెంకుటి కప్పులు. వాన పట్టినంతనే పెంకులపై విడివిడిగా టపటపమని చినుకులు మొదలగును. పిమ్మట అవి లెక్కకు అందక ఒక్కటే హోరగును. నాలుగు చూరులనుండియు ధారలు మండువాలో దిగును. వాన వెలిసిన పిదప చూరున నిలిచిన నీరు ఒక్కొక్క బొట్టుగా, క్రింద పెట్టిన ఇత్తడి గంగాళములో పడుచుండును. పెద్దలకు కన్ను మూతపడునది ఈ కడపటి చప్పుడునందే. తాటాకు కప్పుమీద వాన ఇంకను మెత్తగా వినవచ్చును. ఆకు సగము చప్పుడును తానే మ్రింగును. రేకుల కప్పుమీద వాన యన్ననో, అది డోలు వాద్యమే. దాని క్రింద పిల్లలకు పద్యము చెప్పవలసిన ఉపాధ్యాయుని పాట్లు చెప్ప నలవి కాదు. నేడు సిమెంటు మిద్దె క్రింద కిటికీలు మూసికొని పరుండువానికి, తెల్లవారి తడిసిన వాకిలి చూచినగాని రాత్రి వాన కురిసినట్లే తెలియదు.

వాన హోరు నిద్ర పట్టించుటకు కారణము కలదు. అందు సన్నని స్వరము మొదలు బొంగురు స్వరము వరకు అన్నియు కలిసి, హెచ్చుతగ్గులు లేక, ఎడతెగక సాగును. దూరమున కుక్క మొరిగినను, ఎక్కడనో తలుపు కొట్టుకొన్నను ఆ హోరులో మునిగిపోవును. మనలను ఉలికిపాటున లేపునది చప్పుడుయొక్క పరిమాణ మొక్కటే కాదు, అది హఠాత్తుగా వచ్చుటయు. నిశ్శబ్దములో పడిన చెంచా నిద్ర చెరచును. సమముగా సాగు పెద్దహోరు చెరపదు.

ఇందుకు మన కాలువలే సాక్ష్యము. కాటన్ దొరగారి పర్యవేక్షణమున ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి ఈ సీమలో నీటి చప్పుడు ఊరూరికిని చేరినది. ఒకప్పుడు కాకినాడనుండి బయలుదేరిన పడవలు ఈ కాలువలవెంటనే పోయి, బకింగ్‌హాము కాలువ మీదుగా చెన్నపట్టణము చేరెడివి. పడవలు పోయినవి గాని లాకులు నిలిచియున్నవి. లాకుల దగ్గర కాపురముండువారిని అడుగుడు. తలుపుల సందులనుండి దుమికెడు నీటి రొద, క్రొత్తగా వచ్చిన చుట్టమునకు రాత్రియంతయు శిక్ష. ఇంటివారికి అది ఉన్నట్లే తెలియదు. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసిన మొదటి రాత్రి వారికి మెలకువ వచ్చును! రొద ఆగినది గనుక, ఏమైనదో చూడుమని కావలివాడు లేపినాడు. వారికి క్షేమవార్త ఆ రొదయే.

అట్లని ఈ చప్పుడు మంచిది, ఆ చప్పుడు చెడ్డదని జాబితా వ్రాయుటకు వీలులేదు. కొబ్బరితోపులో సాయంకాలపు గాలి ఆకులను గలగలలాడించుట కోనసీమకు పెట్టినది పేరు. పొరుగూరివారు దానిని వినుటకై వత్తురు. కాని 1996 నవంబరు 6వ తేది రాత్రి ఆ తోపులలోనే వీచిన గాలిని విన్నవారిని అడిగి చూడుడు. ఆ తుపానున వేయిమందికి పైగా మరణించిరి; కొబ్బరిచెట్లు లక్షలుగా కూలినవి. నాటి గాలి విన్నవారిలో నేటికిని కార్తికమాసమున ఆకు గట్టిగా కదలినచో లేచి దీపము వెలిగించువారు కలరు. ఆకు అదే, గాలి అదే; అది చెప్పెడు వార్త వేరు. అట్టివారిని “గాలికి భయమేల” అని పరిహసించుట తగదు. వారి ప్రక్కన కూర్చుండి రెండు మాటలు చెప్పుటయే మేలు, ఏలయన తెలిసిన గొంతును మించిన క్షేమవార్త మరియొకటి లేదు.

పనిపాటల చప్పుళ్ళును ఇట్టివే. తెల్లవారుజామున కవ్వము తిరుగు చప్పుడు, ఉయ్యాలబల్ల గొలుసుల కిర్రు, పొద్దుగ్రుంకు వేళ ఇంటికి మరలు ఎద్దుల మెడగంటలు: వీనిలో రాగమేమియు లేదు. కవ్వము తిరుగుచున్నదన్న అవ్వ లేచినది. గంటలు వినబడినవన్న నాయన వచ్చినాడు. పిల్లవాడు మరల దుప్పటి కప్పుకొనును. ఉప్పాడ నేతగాండ్ర యిండ్లలో మగ్గపు చప్పుడే జోలపాట, పొరుగున క్రొత్తగా అద్దెకు దిగినవానికి తలనొప్పి. రాజమహేంద్రవరమున గోదావరి రేవులవద్ద నివసించువారికి వంతెనమీది రైలు సైతము అట్లే అలవాటైనది. 1900లో తెరచిన పాతవంతెన 1997 వరకు రైళ్ళను మోసినది. 1974నాటి రోడ్డు-రైలు వంతెన నేటికిని మోయుచున్నది. ఇనుముమీద ఇనుము దొర్లు ఆ గర్జన విని “పదిగంటల బండి పోయినది” అని ప్రక్కకు ఒత్తిగిల్లువారు ఎందరో.

జోలపాట మాట చెప్పక విడువరాదు. మన గాయకులు నీలాంబరి రాగమును నిద్రకు ముడిపెట్టిరి. మంచిదే. కాని శిశువునకు రాగముతో పనిలేదు. గర్భమున నుండగనే తల్లి గొంతు దానికి పరిచయమైయుండును. ఉయ్యాల ఊపునకు సరిపడు నిదానమైన లయ, ఎరిగిన గొంతు, ఒకే మాట మరల మరల వచ్చుట, ఇవి చాలును. అపశ్రుతి పలికినను శిశువు తప్పు పట్టదు. నేడు చేతిఫోనులో పాట పెట్టి ఉయ్యాలలో ఉంచుచున్నారు. పాట బాగుగనే యుండును. పాప ఏడ్చినప్పుడు అది ఆగి చూడదు, అంతియే భేదము. ఇంట తాతయు అవ్వయు నున్నప్పుడు ఈ పనికి యంత్రమేల?

ఈ విషయమున పాశ్చాత్యులును పరిశోధించుచున్నారు. 2017లో ఇంగ్లండునందలి బ్రైటన్ నగర పరిశోధకులు కొందరికి ప్రకృతి ధ్వనులను, కృత్రిమ ధ్వనులను వినిపించి మెదడు వ్యాపారమును పరీక్షించిరి. ప్రకృతి ధ్వనులు వినునపుడు మనస్సు వెలుపలికి పరచుకొనుచున్నదనియు, కృత్రిమ ధ్వనులు వినునపుడు తనలోనికే తిరిగి, దిగులుపడువారి మనస్సువలె నుండుచున్నదనియు వారు ప్రకటించిరి. అందును, ఎక్కువ ఒత్తిడితో వచ్చినవారికే ఎక్కువ ఊరట కలిగెనట.

ఇక నేడు మీతో ముఖ్యముగా మనవి చేయవలసినది. ఈ చిన్న చప్పుళ్ళు వినవలెనన్న చుట్టును కొంత నిశ్శబ్దముండవలెను. దానిని హరించుచున్నది లౌడుస్పీకరు. ధనుర్మాసమున నాలుగు గంటలకే గోపురమునుండి మ్రోగును. ఉత్సవములందు అర్ధరాత్రి దాటినను ఆగదు. గుడిలో పదిమంది కూర్చుండి చేయు భజన రెండు వీథుల అవతలికి సన్నగా వినవచ్చుట ఎంతో హాయి. దానినే కొమ్ముబూరలో పోసి ఊరిమీద కుమ్మరించినచో భక్తి పెరుగునని నేను నమ్మను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బహిరంగస్థలములందు లౌడుస్పీకరు మ్రోగింపరాదు. పండుగలకై ఏడాదికి 15 దినములకు మించకుండ, రాత్రి 12 గంటలవరకు మాత్రము ప్రభుత్వము సడలింపు ఈయవచ్చును. నివాసస్థలములందు రాత్రివేళ ధ్వని 45 డెసిబెల్లులకు మించరాదు. ఈ కొలతలో పది పెరిగినచో ధ్వనిశక్తి పదిరెట్లగును గనుక, 45 నకును 75 నకును గల అంతరము వేయిరెట్లు. 2005లో సుప్రీంకోర్టు సైతము ఈ రాత్రి నిషేధమును గట్టిగా పాటింపవలెనని తీర్పు చెప్పినది.

చట్టమున్నది గాని, పల్లెలో పోలీసువారికి ఫిర్యాదు చేసి ఇరుగుపొరుగుతో వైరము తెచ్చుకొనువా రెవ్వరు? గుడి ధర్మకర్తలు, ఉత్సవ సంఘములవారు, వీథి పెద్దలు ఈ ప్రసంగము వినుచున్న మీరే. పదిగంటలకు “ఇక చాలునురా అబ్బాయి, కట్టివేయుము” అని మీరొక మాట యన్న పిల్లలు వినకపోరు. ఊరిలో జబ్బుపడినవారు, పరీక్షకు చదువుకొనువారు, బాలెంతలు ఎందరో ఆ మాటకై ఎదురుచూచుచున్నారు.

వయస్సు మీరినవారికి మరియొక మాట. ముదిమిలో మొదట జారిపోవునవి సన్నని స్వరములు. కీచురాయి రొద, చిన్నగంట మ్రోత వినబడుట లేదన్న, లోకమున అవి లేవని యనుకొనక వైద్యునికి చెవి చూపించుకొనుడు. చెవిలో గూబ కట్టినను అట్లే కావచ్చును; అది సులభముగా తీరును.

నిద్రపట్టని రాత్రి గడియారము చూచుచు పొరలుటకంటె ఇట్లు చేసి చూడుడు. మొదట మిక్కిలి దూరపు చప్పుడును వెదకుడు: రైలో, కాలువ నీరో. పిమ్మట ఊరిలోని చప్పుడు, పిమ్మట పెరటిలోనిది, పిమ్మట గదిలోనిది. కడపట మీ ఊపిరి వినబడును. దేనికిని పేరు పెట్టవలదు, లెక్కింపవలదు. రెండు మూడు మారులు ఇట్లు దూరమునుండి దగ్గరకు వచ్చునప్పటికి అనేకులకు కన్ను మూతపడును. ఈ ప్రసంగము వినుచుండగనే ఎవరికైన కునుకు పట్టినదా, వారిని లేపవలదని ప్రక్కవారికి నా మనవి.