నేటి రచ్చబండ



ఊరి నడుమ వేపచెట్టు, చెట్టుక్రింద బండ, ఆ బండమీద నలుగురు పెద్దలు. రచ్చబండ యను మాట వినినంతనే మీ కన్నులకు గట్టు దృశ్య మిది. అచ్చట చర్చకు రాని విషయము లేదు. వాన రాకడ మొదలు వడ్ల ధరవరకు, మునసబుగారి తీర్పు మొదలు రాజధానిలోని మంత్రివర్గమువరకు అన్నియు నా బండమీదికి వచ్చుచుండెడివి. అయితే ఆ మాటల కొక కట్టుబాటుండెను. నేడొక మాట యన్నవాడు రేపు మరల నక్కడికే రావలెను. “నిన్న నీవేమంటివి?” అని యడుగువారుండిరి. కాబట్టి ఎవని మాట బరువు వాడే మోయవలసి వచ్చెడిది.

ఆ రచ్చబండ నేడు పట్టణమునకు కదలిపోయినది. హైదరాబాదునకు పడమట, మాదాపూరులో, 1998వ సంవత్సరము నవంబరు నెలలో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్సు అను భవనమును ప్రారంభించిరి. పిమ్మట ఆ రాతిగుట్టల నడుమ హైటెక్ సిటీ వెలసినది. గచ్చిబౌలి, కొండాపూరు మేడలతో నిండిపోయినవి. మీ పిల్లలలో ననేకులు అచ్చటనే పనిచేయుచుందురు. సాయంకాలమున అక్కడి టీకొట్టు ముందర కొంతసేపు నిలిచి వినుడు. ప్రక్కప్రక్కన నిలుచున్నవారు ఒకరినొకరెరుగరు. ఐనను ఇంటి అద్దె, పిల్లల బడి జీతము, పెట్రోలు ధర, రాబోవు ప్రభుత్వము, అన్నిటిని గూర్చియు వారికి నిశ్చితాభిప్రాయములు కలవు. టీ చల్లారకమునుపే తీర్పు ముగియును.

మొన్న నేను గచ్చిబౌలినుండి బయలుదేరి విశాఖపట్టణమునకు విమానములో పోతిని. పూర్వము విమానములు నగరము నడుమ నున్న బేగంపేటనుండియే యెగురుచుండెడివి. 2008 మార్చినుండి శంషాబాదు పోవలెను. ఆకాశములో ప్రయాణము గంటకు కొంచె మెక్కువ. ఆ గంటకొరకు నేలమీద మూడు గంటలు. ఇది యిట్లుండగా, నా ప్రక్క కుర్చీలో నొక యువకుడు కూర్చుండెను. మర్యాదస్థుడు, చదువుకొన్నవాడు. విమానము మబ్బులను దాటులోపలనే యతడు దేశము బాగుపడుటకు వలసిన మార్గములన్నియు నిర్ణయించి వేసెను. రోడ్లపై గుంతలకు కారణము, మురుగుకాల్వలు పొంగుటకు కారణము, చెరువులు కుంచించుకొని పోవుటకు కారణము, ఒక్కొక్కటే చెప్పుకొని వచ్చెను. అందు చాలవరకు నిజమే.

నేను మెల్లగా, “నాయనా, కడచిన యెన్నికలలో ఓటెక్కడ వేసితివి?” అంటిని. అతడు కిటికీవైపు చూచి, “నా పేరు మా ఊరిలోనే యున్నదండీ. ఆనాడు వెళ్లుటకు వీలుపడలేదు” అనెను. విమానము దిగినంతనే ఎవరి సంచి వారు తీసికొని ఎవరి దారిని వారు పోతిమి. “నిన్న నీవేమంటివి?” అని యతని నడుగుటకు ఇక నెవరును లేరు.

ఇది యొక్క యువకుని కథ కాదు. 2023 నవంబరు 30వ తేదీన తెలంగాణ శాసనసభకు ఎన్నికలు జరిగినవి. రాష్ట్రమంతటిని గూడి చూడగా నూటికి 71 మంది ఓటు వేసిరి. హైదరాబాదు జిల్లాలో సగముమందియు వేయలేదు. అంతకుముందు 2020 డిసెంబరులో నగరపాలక సంస్థకు జరిగిన యెన్నికలలోను అంతే. గుంతలను, మురుగుకాల్వలను చూచుకొనవలసిన సభ యదియే గదా! జాబితాలలో ఊరు విడిచినవారి పేర్లును, రెండుచోట్ల నెక్కిన పేర్లును ఉండుటచే లెక్క కొంత తగ్గి కనబడునని కొందరందురు. అది కొంత నిజమే కావచ్చును. ఐనను లోటు పూర్తిగా తీరదు.

వారిని సోమరులందమా? అనుటకు వీలులేదు. 2024 మే 13వ తేదీన ఆంధ్రప్రదేశములో ఎన్నికలు జరిగినప్పుడు, అంతకుముందు రెండుమూడు దినములు హైదరాబాదు బస్సులలో, రైళ్లలో కాలుపెట్టుటకు చోటులేదు. రాత్రియంతయు నిలువుకాళ్లపై ప్రయాణము చేసి ఊరు చేరినవారు కలరు. అమెరికానుండి విమానములలో వచ్చినవారును కలరు. విదేశములలో నున్న మన పౌరులు స్వయముగా వచ్చియే ఓటు వేయవలెను. ఆంధ్రప్రదేశములో నూటికి 80 మందికి పైగా ఓటు వేసిరి. అదే దినమున హైదరాబాదు లోకసభ స్థానములో సగముకంటె తక్కువ.

ఇందలి రహస్యము మీకు తెలియనిది కాదు. ఊరిలో మనిషికి పేరున్నది. వాడు రాకున్నచో “ఫలానావారి అబ్బాయి రాలేదే!” యని పదిమంది యడుగుదురు. మేడలో పదునాల్గవ అంతస్థున నున్నవానిని ఎవరడుగుదురు?

కాని పెద్దలారా, ఒక కష్టమైన మాట మనవిచేయవలసి యున్నది. 1950వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము మనిషి పేరు ఒక్క నియోజకవర్గముననే యుండవలెను. అదియు అతడు సాధారణముగా నివసించుచోట. పదియేండ్లుగా మాదాపూరులో కాపురముండి, అచ్చటి నీరు త్రాగి, అచ్చటి బడికి బిడ్డలను పంపుచు, ఓటుమాత్రము ఊరిలో నుంచుకొన్నవాని మాటకు అచ్చట బలమెక్కడిది? అతడు రెండుచోట్లను పరాయివాడగుచున్నాడు. నారుమడిలోనే యుంచిన నారు కంకి వేయదు. తీసి పొలములో నాటవలెను. నాటునప్పుడు మడి బోసిపోవుట మీరెరిగినదే. ఐనను ఏ రైతును నారును మడిలో ఆపడు.

మీ అబ్బాయియో అమ్మాయియో ఈ ఆదివారము ఫోనులో ప్రభుత్వమును గూర్చి చెప్ప మొదలుపెట్టినచో, పూర్తిగా వినుడు. విని, “నాయనా, నీ పేరు ఏ ఊరి జాబితాలో నున్నది?” అని యొక్క ప్రశ్న వేయుడు. నివాసము మారినవారు పేరు మార్చుకొనుటకు ఎనిమిదవ నంబరు ఫారము కలదు, ఇంటనుండియే పంపవచ్చును. వచ్చు ఆదివారము మరల, “పంపితివా?” అని యడుగుడు.

రచ్చబండ బలమంతయు ఆ రెండవ ప్రశ్నలోనే యుండెను. దానిని నేటికిని అడుగగలవారు మీరే. సెలవు.