కళాశాలల క్రీడాసంఘములు – టెలివిజను ధనము



అమెరికా సంయుక్తరాష్ట్రములలో విశ్వవిద్యాలయము విద్యాస్థానము మాత్రమే కాదు, క్రీడాస్థానము కూడ. శరత్కాలమున శనివారము వచ్చినదనిన, లక్షమంది కూర్చుండదగిన క్రీడారంగములు సైతము నిండిపోవును. వారు ఫుట్‌బాలని పిలుచు ఆట మన బాలురు కాలితో తన్నునది కాదు. రెండు కొనలును మొనదేరిన బంతిని చేత బట్టుకొని, ఎదుటిపక్షమువారిని త్రోసికొనుచు పరుగిడు మోటు ఆట. ఆటగాండ్రందరును ఆయా కళాశాలల విద్యార్థులు. తెలుగునాట నుండి పైచదువులకై అచ్చటికి వెళ్లిన పిల్లలు ఈ ఆటలను గూర్చి ఇండ్లకు చెప్పుచుందురు గనుక, మీలో కొందరు దీని పేరు వినియే యుందురు. ఈ విద్యార్థుల ఆటకు టెలివిజను ఎంత ధనము తెచ్చినదో, ఆ ధనము నూరేండ్ల సంఘము నొకదానిని ఎట్లు చెదరగొట్టినదో నేడు మనవి చేసెదను.

మొదట సంఘమనగా నేమో తెలియవలెను. పందొమ్మిదవ శతాబ్దము చివర ఆ దేశపు కళాశాలల ఆటలకు తగిన కట్టుబాటు లేకుండెను. చదువుతో సంబంధము లేని బలాఢ్యులను కూలికి దెచ్చి, విద్యార్థులని చెప్పి ఆడించుటయు గలదు. ఈ దురాచారమును మాన్పదలచి, 1895లో పర్డ్యూ విశ్వవిద్యాలయాధ్యక్షుడు జేమ్స్ స్మార్టు పిలువగా, ఏడు విద్యాలయముల అధ్యక్షులు షికాగో నగరమున సమావేశమైరి. క్రమముగా చేరి చదువుకొనువాడే ఆడవలెనను నియమమును వ్రాసికొనిరి. నేడు బిగ్ టెన్ అని పేరుగన్న సంఘమునకు అదియే పుట్టుక. ఇట్టి సంఘమును వారు కాన్ఫరెన్సు అందురు. పొరుగువారైన కొన్ని కళాశాలలు ఒక కట్టుగా నేర్పడి, ఏటేట తమలో తాము ఆడుకొనుచు, తమ నియమములను తామే పాలించుకొనుట దీని స్వరూపము.

పసిఫిక్ మహాసముద్రతీరమునను 1915 డిసెంబరులో పోర్ట్‌లాండు నగరమున ఇట్టి సంఘమొకటి వెలసెను. బర్క్లీలోని కాలిఫోర్నియా, సియాటిల్‌లోని వాషింగ్టన్, యూజీన్‌లోని ఆరెగాన్ విశ్వవిద్యాలయములును, కొర్వాలిస్‌లోని ఆరెగాన్ వ్యవసాయ కళాశాలయు దాని మూలసభ్యులు. ఈ కడపటిదియే నేటి ఆరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయము. 1917లో గోధుమపొలముల నడుమనున్న పుల్మన్ పట్టణమునుండి వాషింగ్టన్ స్టేట్ వచ్చి చేరెను. ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ అను నీ రెండును, 1862నాటి మారిల్ చట్టము ననుసరించి, సామాన్యుల బిడ్డలకు సేద్యమును యంత్రవిద్యను నేర్పుటకై భూదానముతో నిలిపిన విద్యాలయముల కోవలోనివి. 1964లో హైదరాబాదు రాజేంద్రనగరమున నెలకొన్న మన వ్యవసాయ విశ్వవిద్యాలయమునకును ఈ కోవకు చెందిన కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయమే తోడ్పడినది. కావున ఇట్టి విద్యాలయములు మనకు బొత్తిగా పరాయివి కావు.

కొర్వాలిస్, యూజీన్ పట్టణములు ఒకే లోయలో ఇంచుమించు 40 మైళ్ల దూరమున నున్నవి. ఈ రెండూళ్ల విద్యాలయములు 1894 నుండియు, వాషింగ్టన్ రాష్ట్రమునందలి రెండు విద్యాలయములు 1900 నుండియు ఒండొంటితో ఆడుచు వచ్చినవి. నేను బడిపంతులుగా నుండిన దినములలో ఏటేట పొరుగూరి బడితో మా పిల్లలచే చెడుగుడు ఆడించెడివాడను. పొరుగువారితోడి ఆటలో నొక గుణము కలదు. ఓడినవాడు మరునాడు సంతలో గెలిచినవాని మొగము చూడవలెను. అందుచేత పంతము పెరుగును, మర్యాదయు నిలుచును. అమెరికా కాన్ఫరెన్సులకు బలము నిచ్చినదియు ఈ పొరుగుతనమే.

ఇక టెలివిజను సంగతి. ఇంటనే ఆట కనబడునెడల జనులు క్రీడారంగమునకు రారని కళాశాలలు మొదట భయపడినవి. అందుచేత వానికన్నిటికిని పెద్దయైన జాతీయసంఘము, ఎన్.సి.ఎ.ఎ. యనునది, టెలివిజను హక్కులను తన చేతిలో నుంచుకొని, ఏ కళాశాలయు రెండేండ్లలో ఆరుసార్లకు మించి కనబడరాదని కట్టడి చేసెను. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయములు దీనిపై వ్యాజ్యెము వేసినవి. 1984 జూన్ 27వ తేదీన ఆ దేశపు సుప్రీముకోర్టు, ఇట్టి కట్టడి వ్యాపారస్వేచ్ఛకు భంగకరమని ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా తీర్పు చెప్పెను. ఒప్పుకొనని ఇద్దరిలో నొకరైన బైరన్ వైటు, కొలరాడో విశ్వవిద్యాలయమున తాను ఫుట్‌బాలాడి పేరుగాంచినవాడు. విద్యతో ముడివడిన ఆటను కేవలము వర్తకముగా నెంచరాదని ఆయన వాదము. చట్టము దృష్టిలో ఏడుగురి మాటయే నెగ్గినది. తరువాతి కథ చూచినపుడు ఆయన శంకయు ఊరక పుట్టినది కాదని నాకు తోచుచున్నది.

నాటినుండి ఆటల ప్రసారహక్కును అమ్ముకొనువాడు జాతీయసంఘము కాక, కాన్ఫరెన్సే అయ్యెను. నియమపాలనకై పుట్టిన సంఘము క్రమముగా వర్తకుల శ్రేణివలె మారినది. నాటకమునైనను కథనైనను మరునాడు చూడవచ్చును. ఆటను మాత్రము జరుగుచుండగనే చూడగోరుదురు. అందుచేత ప్రకటనదారులు ఆటలకు ఎక్కువ వెల నిత్తురు. ఆ వెల చూపరుల సంఖ్యనుబట్టి యుండును గనుక, పెద్దనగరములను తనలో జేర్చుకొన్న కాన్ఫరెన్సునకు బేరము హెచ్చును. బిగ్ టెన్ 2007లో సొంత చానలు పెట్టుకొని, 2014లో న్యూయార్కు, వాషింగ్టన్ నగరముల దాపుననున్న రట్గర్స్, మేరీలాండు విద్యాలయములను చేర్చుకొనుటలోని మర్మ మిదియే.

పసిఫిక్ సంఘము 1959లో విచ్ఛిన్నమై, మరల కూడుకొని, 2011 నాటికి పండ్రెండుగురితో పాక్-12 అని పేరందెను. ఆ యేడు ఇ.ఎస్.పి.ఎన్., ఫాక్స్ కంపెనీలతో పండ్రెండేండ్లకు సుమారు 300 కోట్ల డాలర్ల ఒడంబడిక చేసికొనెను. 2012లో తన చానళ్లను తానే నడుపదొడగెను గాని, డైరెక్ట్ టీవీ యను పెద్దసంస్థతో బేరము కుదరక, అవి అనేక గృహములకు చేరలేదు. రాబడిలో తక్కిన సంఘములకంటె వెనుకబడెను. 2022 జూన్ 30న లాస్ ఏంజలిస్ నగరపు విద్యాలయములు రెండును, యు.ఎస్.సి., యు.సి.ఎల్.ఎ. యనునవి, తాము బిగ్ టెన్‌లో చేరెదమని ప్రకటించినవి. ఆ ఆగస్టులో బిగ్ టెన్ ఏడేండ్లకు చేసికొన్న ఒప్పందము 700 కోట్ల డాలర్లకు మించినదని పత్రికలు వ్రాసినవి.

పెద్దనగరము పోయిన పిమ్మట మిగిలినవారికి మంచి వెల రాలేదు. ఆపిల్ కంపెనీ ముందుకు వచ్చినను, చందాదారులు పెరిగినకొలది సొమ్ము పెరుగునను పద్ధతి వారికి ధైర్యము కలిగింపలేదు. 2023 జూలై చివర కొలరాడో విడిపోయెను. ఆగస్టు 4న ఒక్కదినముననే ఆరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కును, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కును మరలినవి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డు, బర్క్లీ అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్సును ఆశ్రయించినవి. కడకు మిగిలినవి రెండు: కొర్వాలిస్‌లోని ఆరెగాన్ స్టేట్, పుల్మన్‌లోని వాషింగ్టన్ స్టేట్. అవి ఆటలో చేతగానివై మిగులలేదు. చిన్న పట్టణములలో నుండుటయే వాని లోపమైనది.

ఫలితములు విచిత్రముగా నున్నవి. పేరునకు పదియైన బిగ్ టెన్‌లో నిప్పుడు పదునెనిమిది విద్యాలయములున్నవి. అందు తూర్పుకొననున్న రట్గర్స్ నుండి లాస్ ఏంజలిస్ 2,400 మైళ్లకు పైబడిన దూరము. ఫుట్‌బాలు జట్టు పడమటితీరమునుండి తూర్పుకు ఏడాదికి కొన్నిసార్లే పోవును. వాలీబాలు, సాఫ్ట్‌బాలు ఆడు బాలికలకు ఆటలెక్కువ, అవియు తఱచుగా పాఠములు జరుగు దినములలోనే వచ్చును. వారి ఆటలకై ఎవరును కోట్ల డాలర్లీయలేదు. దూరప్రయాణము మాత్రము వారి పాలబడినది. ఓక్లహోమా సంఘము మారుటచే, 1904 నుండి వచ్చుచున్న ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ పోటీ 2023తో ఆగిపోయినది.

రెండవపక్షమును చెప్పకుండుట న్యాయము కాదు. 2011 తరువాత ఆగిపోయిన టెక్సాస్, టెక్సాస్ ఎ అండ్ ఎం పోటీ, టెక్సాస్ సంఘము మారుటవలననే 2024లో మరల ప్రారంభమైనది. ఫుట్‌బాలు తెచ్చు ధనముతోనే అనేక విద్యాలయములలో రాబడిలేని తక్కిన ఆటలు నడచుచున్నవి. పైగా కోట్లు కురియుచున్న కాలమందును ఆటగాండ్రకు చదువు ఖర్చులు తప్ప చాలకాలము వేరేమియు దక్కలేదు. 2025 జూన్‌లో న్యాయస్థానము ఆమోదించిన రాజీచే, విద్యాలయములు తమ ఆటగాండ్రకు మొదటి యేడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లవరకు నేరుగా పంచిపెట్టుటకు వీలు కలిగెను. పాటుపడువానికి భాగము దక్కుట ధర్మమే. అయితే ఆ సొమ్మును కూర్చుటకై విద్యాలయములు ఇంకను పెద్దబేరములను వెదకుననుటయు సత్యమే.

ఇందు దోషి యెవరని విచారింపగా ఒక్కనిని వ్రేలెత్తి చూపుట కష్టము. వెళ్లిపోయిన ప్రతి విద్యాలయాధ్యక్షుడును, నా సంస్థకు మేలు చేయుట నా విధియని చెప్పగలడు. ఆ మాట అబద్ధము కాదు. కాని వారందరి సంస్థలకును ఉమ్మడియైన సొత్తొకటి యుండెను. దానిని తనదని కాపాడువాడు లేకపోయెను. చెరువుగట్టు తెగిన యూరిలో ఎవని పొలమునకు వాడు కాలువ త్రవ్వుకొనుటయు నిట్టిదే. చూపరి ఎంత దూరమున నున్నను లెక్కకు వచ్చెను గాని, పొరుగూరినుండి నడచివచ్చి ఆటచూచు రైతుబిడ్డ లెక్కకు రాలేదు.

మిగిలిన రెండు విద్యాలయములును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. సంఘపు పాలనాధికారము తమదేయని న్యాయస్థానమున వాదించి, 2023 చివర గెలిచినవి. ఇరువురమే యైనను పేరు విడువమని పట్టుబట్టి, బోయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్ మొదలగు విద్యాలయములను 2026 జూలై నుండి సభ్యులుగా చేర్చుకొనుటకు ఒడంబడికలు చేసికొన్నవి. పాతవైభవము వానికి దక్కునో లేదో కాలము చెప్పవలెను. పొమ్మనినవారిని దూషించుచు కాలము గడపక, ఉన్న గోడలపైననే పైకప్పు వేసికొన జూచిన ఆ పట్టుదల మాత్రము మెచ్చదగినది.

పదిమంది కలసి పెట్టుకొన్న సంస్థ ఏదైనను మన యూళ్లలో నున్నచో, దానికి దూరమునుండి మంచి వెల వచ్చిననాడు, ఆ వెలలో ఎవరి పాలు లెక్కకు రాకుండ పోవునో పెద్దలు ముందుగా విచారింతురు గాక. సెలవు.