కొమ్ములు ఎక్కడినుంచి వచ్చాయి?

(పెద్దపల్లిలో మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ఉపన్యాస పాఠం)



భార్యను కొట్టినవాణ్ణి పంచాయితీలో నిలదీస్తే పెద్దమనుషులు ఏమంటారో మీకు తెలుసు. "మొగోడన్నంక కోపముండదా? ఆంబోతును చూడు, కోడిపుంజును చూడు, సృష్టే అట్లున్నది" అంటారు. ఈ సృష్టి వాదానికి మన దగ్గర జవాబుండాలి. అందుకే ఈ పూట నేను పురుగుల గురించి మాట్లాడదలిచాను.

పెంటకుప్పల్లో పెరిగే కొమ్ముపురుగును మీలో చాలామంది చూసే ఉంటారు. ఆడదానికీ మగదానికీ కొమ్ముంటుంది, మగదానిది పొడుగు. పెండపురుగుల్లో కొన్ని జాతుల మగవాటికైతే ఒంటికి మించిన కొమ్ములుంటాయి. ఇవి అలంకారాలని 1871లో డార్విన్ అభిప్రాయపడ్డాడు. తర్వాతి పరిశీలనల్లో ఇవి ఆయుధాలని తేలింది. ఆడపురుగు పెండకింద బొరియ తవ్వి, పెండను లోపలికి చేరవేసి, ఉండలు చేసి, ఒక్కొక్క ఉండలో ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. మగది బొరియ వాకిట్లో కాపలా ఉంటుంది. దారి ఇరుకు కాబట్టి పొడుగు కొమ్మున్నదే గెలుస్తుంది, దాని సంతానమే ఎక్కువవుతుంది. అలా తరతరాలుగా కొమ్ము పెరుగుతూ వచ్చింది.

పెద్దమనుషులు ఇక్కడితో కథ ఆపేస్తారు. అసలు సంగతులు దీని తర్వాతే ఉన్నాయి.

మొదటిది తిండి. డగ్లస్ ఎమ్లెన్ అనే శాస్త్రజ్ఞుడు పనామాలోని ఒక జాతి పెండపురుగుల మీద చేసిన పరిశోధనను 1994లో ప్రచురించాడు. తండ్రి కొమ్ము పొడుగును బట్టి కొడుకు కొమ్ము రాలేదు. పిల్లపురుగు తిన్న పెండ ఎంతో దాన్నిబట్టి వచ్చింది. కడుపునిండా తిని ఒక స్థాయికి మించి పెరిగినదానికి పొడుగు కొమ్ము, తిండి చాలనిదానికి చిన్న మొటిమ. అంటే వంశగౌరవంలా కనిపించే ఆ కొమ్ము వెనుక ఉన్నది ఉండలోని తిండి.

రెండోది నష్టం. కొమ్ము ఊరికే రాదు. తల ముందుభాగంలో కొమ్మున్న జాతుల్లో మీసాలు, తల వెనుక కొమ్మున్న జాతుల్లో కళ్ళు, వీపుమీద కొమ్మున్న జాతుల్లో రెక్కలు చిన్నవవుతాయని ఎమ్లెన్ 2001లో చూపించాడు. కొమ్ములేని మగపురుగులు పోట్లాటకు పోవు. పక్కనుంచి సన్న దారి తవ్వుకుని ఆడపురుగును చేరుకుంటాయి. వాటికీ పిల్లలు పుడతాయి. కాబట్టి ఒకే జాతిలో కూడా మగవాటి తీరు ఒకటి కాదు.

మూడోది ఆడపురుగు కొమ్ము. మన దేశంతోసహా ఆసియాలో కనిపించే ఆంథోఫాగస్ సాజిటేరియస్ అనే జాతిలో ఆడవాటికి చక్కటి కొమ్ములుంటాయి. పెండ కోసం ఆడవాటి మధ్య పోటీ వచ్చినప్పుడు పెద్ద కొమ్మున్నవి ఎక్కువ ఉండలు చేసుకున్నాయని 2010లో వాట్సన్, సిమన్స్ ప్రకటించారు. ఆడదానికి అవసరమున్నచోట ఆడదానికీ ఆయుధం వచ్చింది.

మగవాటి లక్షణాలను పట్టించుకున్నంతగా ఆడవాటి లక్షణాలను పట్టించుకోలేదని డార్విన్‌ను ఆంటొనెట్ బ్లాక్‌వెల్ అనే అమెరికన్ స్త్రీ 1875లోనే విమర్శించింది. చూసేవాళ్ళు ఎవరన్నదాన్నిబట్టి సృష్టిలో కనిపించేది కూడా మారుతుందని అప్పుడే ఆమె గ్రహించింది.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఆడపురుగుకు కొమ్ముంది కాబట్టి మనకు హక్కులు కావాలని మనం వాదించకూడదు. అలా వాదిస్తే రేపు ఇంకో పురుగును చూపించి ఆ హక్కు తీసేస్తారు. పురుగుకు పంచాయితీ లేదు, రాజ్యాంగం లేదు. మనకున్నాయి. 14, 15 అధికరణాలు గానీ, 2005 గృహహింస చట్టం గానీ ఎవరికి బలమెక్కువని అడగవు. ఒక మనిషికి అన్యాయం జరిగిందా అని అడుగుతాయి.

ఈసారి పంచాయితీలో ఎవరైనా సృష్టి సంగతి ఎత్తితే, పెండపురుగు కథ మొత్తం చెప్పండి. ఆ తర్వాత అసలు విషయానికి రండి: ఆమెను ఎందుకు కొట్టావని అతన్ని అడగండి.