అడగకుండ మార్చుడేంది?

(కృష్ణానగర్‌ల డీటీపీ, ఎడిటింగ్ పనిచేసేటోళ్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)



కృష్ణానగర్‌ల సందు సందుకూ కంప్యూటర్ ఉన్నది. జూనియర్ ఆర్టిస్టుల ఫొటోలు పెన్‌డ్రైవ్‌ల పోతయి, స్క్రిప్టు పీడీఎఫ్‌గా తిరుగుతది. ఈ పనంతా చిన్న చిన్న బొమ్మల మీద నడుస్తది. ఎర్రబొమ్మ ఉంటే స్క్రిప్టు, నారింజ రంగు శంకు ఉంటే వీడియో. ఇంగ్లీషు రానోళ్లు సుత చేతి అలవాటు తోటి పని చేసుకుంటరు.

ఒకనాడు రాత్రి అప్‌డేట్ అయితది. తెల్లారి చూస్తే బొమ్మలు మారి ఉంటయి. స్క్రిప్టు మీద నొక్కితే బ్రౌజర్ తెరుచుకుంటది. ఫైలే పోయిందని ఆపరేటర్ తమ్మునికి చెమటలు పడతయి. ఫైలు ఎటూ పోదు. బొమ్మ ఫైలు లోపల ఉండదు. ఫైలు పేరు చివర పీడీఎఫ్, జేపీజీ అని తోక ఉంటది. ఆ తోక ఏ ప్రోగ్రామ్ పేరు మీద ఉన్నదో విండోస్ తన పద్దుల చూసి, ఆ ప్రోగ్రామ్ బొమ్మ తెచ్చి అతికిస్తది. మారింది ఆ పద్దు. పహాణీల పేరు మారినట్టన్నమాట. భూమి అక్కడనే ఉంటది, పేరే ఇంకొకరిది.

విండోస్ 8 నుంచి ఈ పద్దుకు తాళం పెట్టిన్రు, బయటి ప్రోగ్రాములు చాటుగ పేరు రాసుకోకుండ. మంచిదే. కానీ పద్దుల తేడా కనబడితే విండోస్ మీరు ఎంచుకున్న దానికి మళ్లదు, తన సొంత ప్రోగ్రామ్‌కు తిప్పుకుంటది. కావలి కాసేటోడే కంచె జరిపిండన్నట్టు.

2015 జులై 29న విండోస్ 10 వచ్చింది. మర్నాడే మొజిల్లా అధిపతి క్రిస్ బియర్డ్ మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్లకు బహిరంగ లేఖ రాసిండు, జనం ఎంచుకున్న బ్రౌజర్‌ను అప్‌గ్రేడ్ పక్కకు నెడుతున్నదని. నాదెళ్ల మన బేగంపేట పబ్లిక్ స్కూల్ల చదివినాయన. మనూరోడని అడగకుండ ఉంటమా?

ఉద్యోగ మిత్రులకు ఇంకా బాగ సమజయ్యేది యూరప్ ముచ్చట. ఏ బ్రౌజర్ కావాల్నో జనాన్నే అడుగుతమని 2009ల మైక్రోసాఫ్ట్ యూరోపియన్ కమిషన్‌కు మాట ఇచ్చింది. 2011ల విండోస్ 7కు సర్వీస్ ప్యాక్ 1 ఇచ్చినంక ఆ అడిగే తెర మాయమైంది. 2011 మే నుంచి 2012 జులై దాక, పద్నాలుగు నెలలు, కోటిన్నర మందికి అది కనబడలే. సాంకేతిక పొరపాటని కంపెనీ చెప్పింది. కమిషన్ ఒప్పుకోలే. 2013 మార్చిల 56.1 కోట్ల యూరోల జరిమానా వేసింది.

ఈ కథ మనం ఎన్నడూ విననిదా? 1956ల పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నరు. 1985 డిసెంబరు 30న 610 జీవో ఇచ్చిన్రు, 1986 మార్చి 31 గడువన్నరు. అది అమలైందా లేదా చూడనీకె 2001ల గిర్‌గ్లానీ కమిషన్ వెయ్యాల్సొచ్చింది. అక్కడ పద్నాలుగు నెలలకు జరిమానా పడ్డది, ఇక్కడ పదిహేనేండ్లకు కమిషన్ పడ్డది. తేడా అంతే.

మన దేశంల కూడ అడిగినోళ్లున్నరు. ఆండ్రాయిడ్ ఫోన్లల్ల గూగుల్ తన సర్వీసులను ముందే అంటగట్టుడు మీద 2022 అక్టోబరుల కాంపిటీషన్ కమిషన్ 1,337.76 కోట్ల జరిమానా వేసింది. సెర్చ్ ఇంజిన్‌ను ఎంచుకునే వీలు ఇస్తమని 2023 జనవరిల గూగుల్ ప్రకటించింది.

అప్‌డేట్లు బంద్ పెట్టుమని మేం అంటలేం. వైరస్ జొరబడే బొక్కలు పూడ్చేది అప్‌డేటే. బొక్క పూడ్చనీకె వచ్చినోడు ఇంట్ల సామాన్లు జరుపుడెందుకన్నదే మా పంచాయితి. 2021ల విండోస్ 11 వచ్చినప్పుడు బ్రౌజర్ మార్చుకోవాల్నంటే ఒక్కో రకం ఫైలుకు ఒక్కోసారి మార్చాల్సి ఉండె. జనం గొడవ చేసినంకనే 2022ల ఒక్క బటన్ పెట్టిన్రు.

పాత బొమ్మ కావాల్నంటే సెట్టింగ్స్‌లకు పోయి, యాప్స్‌ల డిఫాల్ట్ యాప్స్ తెరిచి, ఆ తోక పేరు కొట్టి మీ ప్రోగ్రామ్‌ను ఎంచుకోండి. ఏ అప్‌డేట్ తర్వాత మారిందో తేదీతో సహా షాపుల గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టుండ్రి. రేపు అందరం కలిసి అర్జీ పెడితే మొదట అడిగేది ఆ తేదీనే.